బూజు లేదని రాసిచ్చిన గది

మా ఊళ్ళో గోడకు బూజు పట్టిందని చెబితే వినేవాళ్ళకు ముందు నవ్వొస్తుంది. మూలల్లో వేలాడే సాలెగూళ్ళ సంగతి కాదు నేను చెబుతున్నది. చెమ్మకు గోడ మీద నల్లగా మొలిచి, గదంతా ముక్కిన బియ్యం వాసన కొట్టించే బూజు గురించి. అనంతపురం జిల్లాలో, వానకు మొహం వాచిన చిన్న పట్నంలో, అలాంటి బూజు ఉంటుందా అని మునిసిపల్ ఆఫీసు గుమాస్తా కూడా నవ్వాడు.

“తాగేకి నీళ్ళు లేని ఊర్లో గోడకు యాడనుంచి వచ్చినాయి టీచరమ్మా నీళ్ళు?” అన్నాడు.

పక్క కుర్చీలోని ఆయన ఆ మాట వెనక కుర్చీలోని ఆయనకు చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వాడు. నేను నిలబడి ఉన్నంతసేపూ ఆ ఆఫీసులో జరిగిన పని అదొక్కటే.

బూజు పట్టిన గోడ మా ఇంటిది. గది మా అక్కది. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. అక్క నాకంటే పెద్దది. బావ పోయాక కంబదూరు పక్కన ఉన్న పల్లె వదిలి నా దగ్గరికి వచ్చేసింది. ఇంటికి ముందొక వరండా, తర్వాత హాలు, వంటిల్లు, లోపల ఒక గది. ఆ గదిలో అక్క మంచం, ట్రంకుపెట్టె, నీళ్ళ డ్రమ్ములు. మా వీధికి కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు. వచ్చినప్పుడు పట్టుకున్నవే నీళ్ళు. వాటిని బయట పెట్టుకునేంత తెలివితక్కువ వాళ్ళెవరూ మా వీధిలో లేరు. అందరి ఇళ్ళలోనూ డ్రమ్ములు లోపలి గదిలోనే ఉంటాయి, నగలు ఉండేచోట. అక్క వాటి పక్కనే పడుకునేది. నీళ్ళు చల్లగా ఉండాలని డ్రమ్ముల చుట్టూ గోనెసంచులు కట్టి, పొద్దున, సాయంత్రం వాటిని తడిపేది. వేడిగాలీ దుమ్మూ రాకుండా కిటికీ బిగించి పెట్టేది.

అక్కకు ఆయాసం ముందునుంచీ ఉంది. వానలు ఎన్నడూ లేనట్టు కురిసిన ఏడు అది ముదిరింది. ఆ వానలు వెళ్ళిపోయి, పైకప్పు ఎండిపోయి, మళ్ళీ ఎప్పటి దుమ్ము రేగాక కూడా ఆయాసం తగ్గలేదు, గోడ మీద నలుపూ తగ్గలేదు. ఆస్పత్రిలో డాక్టరు అక్క రొమ్ము మీద యంత్రం పెట్టి విని, గోడ సంగతి నన్నడిగి తెలుసుకుని, ఒకటే మాట చెప్పాడు.

“ఆ గదిలోనుంచి బూజన్నా పోవాల, ఆయమ్మన్నా పోవాల. రెండూ ఒకతావే ఉంటే నా మందులు పనిచేయవు.”

అక్క గది వదలనంది. కారణం అడిగితే నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నీళ్ళు ఉన్నది ఆ గదిలో గదా. కాబట్టి బూజే పోవాలి. నాకు మిగిలిన పని అదే.

అప్పటికి మా బజారులో బూజు తీసే కంపెనీ ఒకటి వెలిసింది. కంపెనీ అంటే ఒక షట్టరు, ఒక ఫ్లెక్సీ, ఒక మనిషి. ఆ మనిషి నాకు ముందునుంచీ తెలుసు. మొదట బోరు మోటార్లు అమ్మాడు. తర్వాత డ్రిప్పు పైపులు అమ్మాడు. కరోనా రోజుల్లో వీపుకు డబ్బా కట్టుకుని ఇంటింటికీ మందు కొట్టాడు. ఆ డబ్బాకే కొత్త స్టిక్కరు అంటించి ఇప్పుడు బూజు మీద పడ్డాడు. ఫ్లెక్సీ మీద ‘పరీక్ష ఉచితం’ అని పెద్ద అక్షరాలు. ఉచితం అన్న మాట కనబడితే మా ఊరు ఊరంతా కదులుతుంది. నేనూ కదిలాను.

మీటరొకటి పట్టుకుని వచ్చాడు. గోడకు ఆనిస్తే కుయ్యిమంది. పక్క గోడకు ఆనించాడు, కుయ్యిమంది. అడగకుండానే హాల్లోకి వచ్చి అక్కడి గోడకు ఆనించాడు, అక్కడా కుయ్యిమంది. ఆ వారంలోనే ఎదురింటివాళ్ళ గోడ, ఆ పక్కవాళ్ళ గోడ, చివరికి పాలాయన బర్రెల కొట్టం గోడ కూడా కుయ్యిమన్నాయని తర్వాత విన్నాను. ఆ మీటరు కుయ్యిమనని గోడ మా మునిసిపాలిటీలో ఒక్కటీ లేదు.

“చాలా లోపలికి పోయిండాది మేడం. ఇంగ కొన్నాళ్ళు వదిలితే ఇల్లంతా పాకుతాది,” అన్నాడు. అని, సంచీ డ్రమ్ము మీద పెట్టి, చెంబుతో ఆ డ్రమ్ములోని నీళ్ళే ముంచుకుని తాగి, “బాగా చల్లగుండాయి మేడం,” అని మెచ్చుకున్నాడు.

మరునాడు ఇద్దరు కూలీలు వచ్చి ఇనుప బ్రష్షులతో ఆ గోడను పొడిపొడిగానే గీకారు. తలుపుకు గుడ్డైనా అడ్డం కట్టలేదు. గోడ మీద ఉన్న నలుపు గాలిలోకి లేచి, హాలుకు వచ్చి, వంటింట్లో పప్పు మీద వాలింది. తర్వాత డబ్బాతో మందు కొట్టారు. దాని మీద తెల్లరంగు వేశారు. సాయంత్రానికి ఆ పెద్దమనిషే వచ్చి, తను పట్టిన రోగానికి తనే మందిచ్చి, తనే నయమైందని, గదిలో బూజు లేదని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఆ ముద్రలో గరుత్మంతుడు లాంటి పక్షి కూడా ఒకటి ఉంది.

అక్క ఆ వారం ఒక మాట మొదలుపెడితే ముగించలేకపోయింది. ‘నీళ్ళు’ అని అడగాలంటే ‘నీ’ అన్న అక్షరం దగ్గరే ఆగి ఊపిరి పీల్చుకునేది. ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి ఆవిరి పట్టిస్తుంటే ఆమె మెడ దగ్గర ఎముకలు లేచి పడుతుండడం చూస్తూ కూర్చున్నాను. నాకు భయం వేసింది. పెళ్ళి చేసుకోకుండా బతికిన నాకు ఇంటికి పోతే ఏమే అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

రంగు వాసన పోయేలోపే నలుపు మళ్ళీ వచ్చింది. మీటరాయనను పిలిపించాను. గోడను గోటితో గీకి చూసి, ఏమాత్రం తడబడకుండా చెప్పాడు.

“ఇది కొత్త బూజు మేడం. మేము తీసింది పాతది. పాతది రాలేదు చూడండి.”

నేను ముప్పై ఏళ్ళు పిల్లల చేత నిజాలు చెప్పించిన మనిషిని. అంత ధైర్యంగా అబద్ధం చెప్పే పిల్లవాడు నా క్లాసులో ఒక్కడూ లేడు. ఉంటే మంత్రి అయ్యేవాడు.

మీటరాయన వెళ్ళాక అక్క మంచం మీద కూర్చుని, ఒక్కొక్క మాటే కూడగట్టుకుంటూ అంది.

“నేను చెప్పలేదా ఏమే. పాయింటు పెట్టేదీ వాడే, బోరేసేదీ వాడే, నీళ్ళు పడినాయని చెప్పేదీ వాడే. మీ బావ చేన్లో మాదిరే.”

మా వైపు వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. చేనులో బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చూపించేవాడు ఒకడు ఉంటాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తాడు, అది నిలబడినచోట గుర్తు పెడతాడు. దాన్ని పాయింటు పెట్టడం అంటారు. బోరు వేసే లారీ వేరేవాడిది. బావకు పాయింటు పెట్టినవాడికి ఆ లారీలో వాటా ఉంది. వాడికి ప్రతి చేనులోనూ నీళ్ళు కనబడేవి. బావ చేనులో వేసిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. బావ చేను వదిలి బెంగళూరులో కట్టడాల పనికి పోయి, మళ్ళీ మనిషిగా తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆ పల్లెవాళ్ళు ఒక కట్టుబాటు చేసుకున్నారు. పాయింటు పెట్టినవాడికీ లారీకీ ఏ సంబంధమూ ఉండకూడదు. పాయింటు పెట్టినవాడు లారీ పక్కనే నిలబడాలి. పని అయ్యేదాకా నీడకు పోకూడదు, తలకు గుడ్డ కట్టుకోకూడదు. నీళ్ళు పడితే ముందు వాడి మీదే పడాలి, దుమ్ము లేస్తే ముందు వాడే తినాలి. ఆ కట్టుబాటు వచ్చాక ఆ చుట్టుపక్కల కొబ్బరికాయలు అంత సులభంగా నిలబడడం మానేశాయని అక్క చెప్పేది.

నేను ఆఫీసుల వెంట పడ్డాను. బూజు తీసేవాడికి లైసెన్సు ఎవరు ఇస్తారని అడిగాను. శానిటరీ వాళ్ళు అది గోడ కాబట్టి ఇంజనీరింగు అన్నారు. ఇంజనీరింగు వాళ్ళు అది రోగం కాబట్టి ఆరోగ్యశాఖ అన్నారు. ఆరోగ్యశాఖాయన చాలాసేపు ఆలోచించి, అది గాలిలో ఉంటుంది కాబట్టి ఇంకెవరో చూడాలని, ఆ ఇంకెవరో ఎవరో తనకూ తెలియదని నీళ్ళు నమిలాడు. బజ్జీల బండి రోడ్డుకు బారెడు ముందుకు జరిగితే జరిమానా వేయడానికి అందరూ ఉన్నారు. ఇంట్లోకి వచ్చి మనిషి పీల్చే గాలిలో మందు కొట్టిపోయేవాణ్ణి నువ్వెవరని అడిగే దిక్కు లేదు. మీటరాయన షట్టరుకు లైసెన్సు ఉన్న మాట నిజమే. మోటార్లు అమ్మేందుకు తీసుకున్నది.

చివరికి మా ఊళ్ళో చట్టం ఎట్లా పుట్టిందంటే, కౌన్సిలరు ఒకాయన కొత్తగా కట్టుకున్న ఇంట్లో దేవుడి గదికి బూజు పట్టింది. మీటరాయన దాన్నీ గీకాడు, దానికీ ముద్ర వేసి ఇచ్చాడు, పాత బూజు పోయి కొత్త బూజు వచ్చింది. అంతవరకూ జోకుగా ఉన్నది ఆ రోజునుంచి ప్రజాసమస్య అయింది. మునిసిపల్ హాల్లో సమావేశం పెట్టారు. అర్జీల మీద అర్జీలు పెట్టి ప్రాణం తీసిన నన్నూ పిలిచారు.

నేను అక్క పల్లె కట్టుబాటునే పట్టుకుపోయాను. చూసేవాడు, తీసేవాడు ఒకడే కాకూడదు అన్నాను. తీసేటప్పుడు గోడ తడిపి, తలుపుకు దుప్పటి కట్టి, ఇంట్లోవాళ్ళను బయటికి పంపి తీయాలి అన్నాను. ఈ రెండింటికీ తలలు ఊపారు. తల ఊపడం వాళ్ళకు ఖర్చులేని పని. బూజు లేదని రాసిచ్చేవాడు రాసే ముందు ఆ గదిలో తలుపులు వేసుకుని ఒక మధ్యాహ్నం పడుకోవాలి అన్నాను. హాలంతా నవ్వింది. కౌన్సిలరు మాత్రం నవ్వలేదు. ఆయన దేవుడి గది ఆయన కళ్ళ ముందుంది. కమిషనరు గారు ఫోన్లో మాట్లాడుతున్నారు. అవతల భోజనాలు చల్లారిపోతున్నాయని ఎవరో వచ్చి చెప్పారు. మూడూ తీర్మానం అయిపోయాయి. ఆ వంకాయ కూర వేడిగా ఉండుంటే మూడోది నెగ్గేది కాదు.

ఆ తీర్మానం కింద మొదటి పరీక్ష మా ఇంట్లోనే జరిగింది. వచ్చినాయన కోనసీమ వైపునుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇంజనీరు. మా ఎండకు బిక్కచచ్చిపోయి ఉన్నాడు. పడుకోవాలి అంటే హాస్యమనుకున్నాడు. అక్క నిజంగానే మంచం దులిపి దుప్పటి పరిచింది. తలుపు వేశాం. హాల్లో అక్కా నేనూ కూర్చున్నాం.

కొంతసేపటికి తలుపు తీసుకుని వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“ఏమండీ, బయటేమో పెదాలు పగిలిపోతున్నాయి. లోపల చూస్తే మా లంకలో శ్రావణమాసంలో పడుకున్నట్టు ఉందండి. పడకగదిలో చెరువు పెట్టుకుని, దానికి తడి గోనెలు కట్టి, కిటికీ మూసేసి, గోడకు చెమ్మ ఎక్కడిదంటారేంటండీ?”

మేమిద్దరం తెరిచిన తలుపులోంచి డ్రమ్ముల వైపు చూశాం. ఆ గదిలోకి ఎంతమంది వచ్చారో. ఇరుగుపొరుగు వచ్చి, ముందు డ్రమ్ములే చూసి, ఈసారి నిండుగా పట్టుకున్నారని సంతోషించి పోయారు. మీటరాయన అందులో నీళ్ళు ముంచుకుని తాగాడు. వాటిని బయట పెట్టమని చెబితే వాడికి గీకే పని ఉండదు, కాబట్టి వాడికి కనబడినా కనబడనట్టే. మాకు మాత్రం నిజంగానే కనబడలేదు. నిండిన డ్రమ్మును మా కళ్ళు చెమ్మ అనుకోవు. అది మాకు లక్ష్మి. నీళ్ళంటే లెక్కలేని చోట పుట్టినవాడికి మాత్రమే ఆ మాట అనే నోరు ఉంటుంది. నిజం చెప్పినందుకు ఆయన మీద నాకు ఒళ్ళు మండింది.

అక్కకు ఇంకా మండింది.

“నీళ్ళను తప్పు పడతాడేమే ఈయప్ప,” అంది నాతో. తర్వాత ఆయనతో, “బయట పెడితే ఎవరన్నా ఎత్తకపోతారు. అప్పుడు ఎవరప్పా జవాబు?”

“నేనేనండి,” అన్నాడు ఆయన.

ఆ మాట అన్నందుకే అక్క ఒప్పుకుంది. తన మాట పక్కన తను నిలబడే మనిషిని ఆమె చాలా ఏళ్ళ తర్వాత చూసింది. డ్రమ్ములను వరండాలోకి దొర్లించాం. మూతలు పెట్టి, గొలుసు చుట్టి తాళం వేశాం. మీటరాయనతో ఏ సంబంధమూ లేని ఒక మేస్త్రీ వచ్చి, గోడ తడిపి, నలుపంతా తీసేసి సున్నం కొట్టాడు. ఆ రోజంతా అక్కను ఎదురింట్లో కూర్చోబెట్టాను. కిటికీ తెరిచి పెట్టాం. ఇంజనీరు మళ్ళీ వచ్చి మళ్ళీ పడుకున్నాడు. ఈసారి గురక పెట్టాడు. బూజు లేదని రాసిచ్చాడు. పక్షి బొమ్మ లేదు గానీ, గోడ మీద మచ్చ కూడా లేదు. అక్క మొదలుపెట్టిన మాటను ముగించసాగింది. నన్ను తిట్టడం కూడా పూర్తిగా తిట్టేది.

మంచి మనిషిని మా ఊరు ఎక్కువ రోజులు ఉంచుకోదు. ఎండలు ముదిరేలోపే ఆయనకు బదిలీ అయింది. అదే సమయానికి పైనుంచి కాగితం వచ్చింది. పరీక్షించేవాడు, తీసేవాడు వేరుగా ఉండాలన్న మొదటి నిబంధన భేషుగ్గా ఉందట. తడిపి తీయాలన్న రెండోదీ బాగుందట. పడుకోవాలన్న మూడోది మాత్రం ఏ రూల్సులోనూ లేదు కాబట్టి కొట్టేశారట. ముగ్గురు పిల్లల్లో నడవగలిగినవాణ్ణి చంపి మిగతా ఇద్దరికీ చొక్కాలు కుట్టించారు. మీటరాయన చట్టానికి తల వంచాడు. షట్టరు మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఒకవైపు బూజు పరీక్ష అని, ఇంకోవైపు బూజు తొలగింపు అని రెండు బోర్డులు పెట్టాడు. పరీక్ష భార్య పేరున. రెండు బోర్డుల కిందా ఫోను నంబరు ఒకటే.

ఆ వేసవిలోనే ఒక పొద్దున లేచి చూస్తే వరండాలో తాళం పగిలి ఉంది. రెండు డ్రమ్ములు ఖాళీ. డ్రమ్ములు ఎత్తుకుపోలేదు, నీళ్ళే ఎత్తుకుపోయారు. అక్క ఖాళీ డ్రమ్ములోకి తొంగి చూసి, మూత మళ్ళీ పెట్టింది. ఆమె అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

నేను ఆఫీసుకు పోయాను. కొత్త ఇంజనీరు కుర్చీలో ఉన్నాడు. డ్రమ్ములు బయట పెట్టించిన మాటకు జవాబుదారు ఎవరని అడిగాను.

“ఆయప్ప పోయినాడు గదమ్మా. నీళ్ళ దొంగతనం మాకు రాదు, పోలీసులకు చెప్పుకోండి,” అని చేతులు దులుపుకున్నాడు.

ఇంటికి నడుస్తున్నంతసేపూ నాకు ఒకటే దృశ్యం కళ్ళ ముందు. అక్క ఈపాటికి మిగిలిన డ్రమ్ములను లోపలికి దొర్లించుకుని ఉంటుంది. గోనెలు తడుపుతూ ఉంటుంది. కిటికీ మూసేసి ఉంటుంది. ఇక ఆమెకు నేను చెప్పలేను. నీళ్ళు కావాలా, ఊపిరి కావాలా అని అడిగితే ఆమె ఏది చెబుతుందో నాకు తెలుసు. ఆమెను అలా తయారుచేసిన ఊరిని, చేనును, కొబ్బరికాయలను, ముద్రలను అన్నింటినీ తిట్టుకుంటూ నడిచాను.

గేటు తీసేసరికి డ్రమ్ములు వరండాలోనే ఉన్నాయి. వాటి మధ్య అక్క మంచం ఉంది. ట్రంకుపెట్టె కూడా బయటికి వచ్చేసింది. దుమ్ముకు మొహం మీద కొంగు కప్పుకుని, ఒక చెయ్యి డ్రమ్ము మూత మీద వేసి అక్క పడుకుని ఉంది.

“ఎండకు చస్తావు అక్కా,” అన్నాను.

“సూస్తాములే, నువ్వు గమ్మున ఉండు,” అంది. రొప్పకుండా అంది.

ఇప్పటికీ అక్కడే పడుకుంటోంది. ఎండ పడేచోట నేను తడిక కట్టించాను. లోపలి గది, గోడలు తెల్లగా, కిటికీ తెరుచుకుని, ఖాళీగా ఉంటుంది.

మొన్నామధ్య కొత్త ఇంజనీరు వచ్చాడు. ఊళ్ళో ఏ గదులు బాగున్నాయో జాబితా కావాలట. వెంట మీటరాయన, పరీక్ష చేసే భార్య తరఫున. మీటరాయన లోపలి గది గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాచి గోడకు మీటరు ఆనించాడు. అది మొట్టమొదటిసారి నోరు మూసుకుంది.

“మేము చేసిన గదే సార్ ఇది,” అన్నాడు మీటరాయన.

ఇంజనీరు నిలబడే రాసుకున్నాడు. గదిలోకి అడుగు కూడా పెట్టలేదు. పోతూ పోతూ వరండాలో మంచం చూసి ఆగాడు. వెనకే మీటరాయన ఒక డ్రమ్ము మూత మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“ఏమమ్మా, గది అంత బాగుండాదే, ఈ దుమ్ములో యాల పండుకున్యావు?”

అక్క కొంగు తీయకుండానే జవాబు చెప్పింది.

“బాగుండాదని రాసుకుంటివి గదప్పా, పోయి నువ్వు పండుకో. నాకు ఊపిరి ఈడ ఆడతాంది. ఆ మూత మీద చెయ్యి తీయి.”

మీటరాయన డ్రమ్ము మీదనుంచి చెయ్యి తీసేశాడు.